తాగినప్పటి మాటకు సాక్ష్యం విలువ ఎంత?

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత వారం ఈ శీర్షికలో ఒక పాఠకుడు, అల్లుణ్ణి ఖాయం చేసుకునే ముందు పిల్లవాడికి నాలుగు పెగ్గులు పోయించి చూడాలని, లోపలి మనిషి ఎలాంటివాడో అప్పుడే బయటపడతాడని రాశారు. ఆయన సరదాకే రాసి ఉండవచ్చు. కానీ ఆ మాటను నిజంగా నమ్మేవాళ్లు మన మధ్య తక్కువేమీ లేరు. నేనూ చాలాకాలం నమ్మినవాణ్ణే, నమ్మి ఒక స్నేహాన్ని పోగొట్టుకున్నవాణ్ణే. మెజిస్ట్రేటు కోర్టుల్లో ముప్పై ఒక్క సంవత్సరాలు మొదట గుమాస్తాగాను, చివర్లో బెంచి క్లర్కుగాను పనిచేశాను. తాగి చేసిన పనుల గురించి, తాగి అన్న మాటల గురించి బోనులో నిలబడి చెప్పుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో లెక్క లేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాయడానికి సాహసిస్తున్నాను.

ముందుగా మన ఇళ్లలో జరిగేది చూద్దాం. 'తాగినవాడి నోట అబద్ధం రాదు' అంటాం. 'తాగినవాడి మాటకు విలువేమిటి, తెల్లారితే వాడికే గుర్తుండదు' అని కూడా అంటాం. ఈ రెండు మాటలనూ ఒకే ఇంట్లో, ఒకే పెద్దమనిషి, అవసరాన్ని బట్టి వాడుకుంటూ ఉంటాడు. పెళ్లిలో వియ్యంకుడు రెండో పెగ్గు దగ్గర 'బావగారూ, మీరు నాకు దేవుడితో సమానం' అని కావలించుకుంటే అది మనసులోంచి వచ్చిన మాట. నాలుగో పెగ్గు దగ్గర ఇచ్చిపుచ్చుకోవడాల సంగతి ఎత్తి నోరు జారితే, అది మందు మాట్లాడించిన మాట. రెండు పెగ్గుల తేడాతో ఒకే సీసా ఒకసారి సత్యసంధురాలు, మరొకసారి పచ్చి అబద్ధాలకోరు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

మా చిన్న మేనమామ పొలం పని ముగించుకుని, సాయంత్రం కల్లుపాక మీదుగా ఇంటికి వచ్చేవారు. అరుగు మీద చేరగిలబడి కాటి సీను పద్యం అందుకునేవారు. రాగం సాగదీసి సాగదీసి, చివరి పాదం దగ్గరకు వచ్చేసరికి మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చేవారు. సెలవులకు వెళ్లిన పిల్లలమంతా చుట్టూ చేరితే జేబులోంచి రూపాయి నోట్లు తీసి పంచేవారు. తెల్లవారాక మా అత్తయ్య వచ్చి, 'మామయ్య లెక్క చూసుకుంటున్నారర్రా, ఆ రూపాయలు ఇటు పట్టుకురండి' అని నవ్వుతూనే వసూలు చేసుకుపోయేది. పగటిపూట ఆయన ఎరువుల కొట్టువాడితో అర్ధ రూపాయికి అరగంట వాదించే మనిషి. సాయంత్రపు మామయ్య అసలు మామయ్యా, పొద్దుటి మామయ్య అసలు మామయ్యా అని మా అక్క ఒకసారి అమ్మను అడిగింది. అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, 'అమ్మమ్మకు కంటి ఆపరేషన్ చేయించింది పొద్దుటి మామయ్యేనే' అంది.

మద్యం లోపల ఏం చేస్తుందో వైద్యులు కొంతవరకు తేల్చారు. మెదడు పనిని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని అది పెంచుతుంది. చురుకు పుట్టించే గ్లుటమేట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. ముందు వెనకలు ఆలోచించి, 'ఇప్పుడు కాదులే' అని మనల్ని ఆపే నుదుటి వెనక భాగం ఆ తాకిడికి తడబడుతుంది. ఇంతవరకు అందరూ ఒప్పుకునేదే. చిక్కంతా దీనికి మనం చెప్పుకునే అర్థంలో ఉంది. ఆపే గుణం పోయింది కాబట్టి మిగిలినదే అసలు మనిషి అని మనం తీర్మానించేస్తాం. ఆ ఆపే గుణాన్ని ఎవరో పైనుంచి తొడిగిన ముసుగుగా ఎంచుతాం. కోపం నాదైతే, ఆ కోపాన్ని దిగమింగే అలవాటు ఎవరిది? తండ్రి తిట్లూ, పంతులుగారి బెత్తమూ తిని, పెళ్లాం బిడ్డల ముఖం చూసి, పదిమందిలో నవ్వులపాలై, నలభై ఏళ్లకు ఒక మనిషి తన నోటికి వేసుకున్న కళ్లెం అది. అతని ఆస్తిలో సగానికి పైగా అదే. దాన్ని పక్కన పెట్టి మిగిలినదాన్ని తూకం వేసి 'నీ అసలు బరువు ఇంతే' అనడం ఏ న్యాయం?

క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో ఈ స్థితిని హ్రస్వదృష్టితో పోల్చారు. తాగినవాడికి ఎదురుగా, దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది. రేపు, పరువు, కేసు, ఉద్యోగం వంటి దూరపు సంగతులు మసకబారతాయి. ఎదురుగా ఉన్నది పాత పాటైతే కన్నీళ్లు పెట్టుకుంటాడు, పక్క టేబులు మీదివాడి నవ్వైతే కుర్చీ ఎత్తుతాడు. ఒకే రాత్రి ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయగలడు. అంతకు చాలా ముందు, 1969లో, క్రెయిగ్ మెక్‌ఆండ్రూ, రాబర్ట్ ఎడ్జర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల జాతుల తాగుడు అలవాట్లను పోల్చి చూశారు. మత్తులో మనిషి ప్రవర్తన అన్నిచోట్లా ఒకేలా లేదని, తాగినవాడికి ఏ సమాజం ఎంత వెసులుబాటు ఇస్తుందో ఆ మేరకే ఉంటుందని తేల్చారు. మన ఊళ్లకు ఇది ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. తాగినవాడు భార్య మీద చెయ్యి చేసుకుంటాడని మనం అనుకుంటాం, అతనూ అదే చేస్తాడు. తాగి ఎస్సై మీద చెయ్యి చేసుకుంటాడని ఎవరమూ అనుకోం, అతనూ చేయడు.

మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2017లో మరో పరిశీలన ప్రకటించారు. స్నేహితుల బృందాలకు వోడ్కా కలిపిన పానీయం ఇచ్చి, కలిసి ఆడుకోనిచ్చి, పక్కన మనుషులను పెట్టి గమనింపజేశారు. తాగినవాళ్లు తమ స్వభావం అనేక విధాల మారినట్టు చెప్పుకున్నారు. గమనించినవాళ్లకు మాత్రం కలివిడితనం పెరగడం తప్ప మరే మార్పూ నమ్మకంగా చెప్పగలిగేంత కనిపించలేదు. హాయిగా గడిచిన ఆ సాయంత్రాన్ని బట్టి వీధి కొట్లాటల గురించి తీర్పు చెప్పలేం, నిజమే. అయితే గత వారం లేఖ రాసిన పెద్దమనిషి దీన్ని చదివి, 'చూశారా, తాగినా మనిషి మారడు, నేనన్నదీ అదే' అనవచ్చు. మారనప్పుడు నాలుగు పెగ్గుల ఖర్చు ఎందుకండీ, పోయకుండానే చూడవచ్చు కదా!

మత్తు ఇచ్చి నిజం రాబట్టవచ్చన్న ఆశ మామగార్లకే పరిమితం కాదు, పోలీసులకూ ఉండేది. సోడియం పెంటథాల్ ఎక్కించి ప్రశ్నలడిగే నార్కో పరీక్ష ఒకప్పుడు టీవీలలో ఎంత మోగిపోయిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సెల్వి కేసులో 2010లో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోలు లేకుండా ఆ పరీక్ష చేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. తన మీద తానే సాక్ష్యం చెప్పుకోవలసిన బలవంతం ఎవరికీ ఉండకూడదన్నది ప్రధాన కారణం. దానితోపాటు ఆ మత్తులో వచ్చే మాటల నమ్మకం మీద ఉన్న అనుమానాలను కూడా న్యాయమూర్తులు చర్చించారు: మత్తులో ఉన్న మనిషి అడిగేవాడి సూచనకు లొంగిపోవచ్చు, ఊహను నిజంగా చెప్పవచ్చు. ఆసుపత్రిలో మత్తు డాక్టరు పక్కన ఉండి, చుక్క చుక్క కొలిచి ఎక్కించిన మందే నిజానికి పూచీ పడలేనప్పుడు, బ్రాందీ షాపు క్వార్టరు సీసా పూచీ పడుతుందా?

ఇక్కడ నా వాదనకు అడ్డువచ్చే ఒక సెక్షను ఉంది, దాచిపెడితే నా ఉద్యోగానికే అవమానం. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 29వ సెక్షనుగా ఉండి, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలోని 22వ సెక్షనులో కలిసిన ఆ నిబంధన, చెల్లుబాటు కాగలిగిన నేరాంగీకారం తాగి ఉన్నప్పుడు చేసినదైనంత మాత్రాన చెల్లకుండా పోదని చెబుతుంది. అంటే తాగినవాడి మాటను కోర్టు గుమ్మం దగ్గరే ఆపేయరు, లోపలికి రానిస్తారు. కానీ లోపలికి రానివ్వడం వేరు, నమ్మడం వేరు. ఆ మాటకు మరో ఆధారం తోడుందా, చెప్పినవాడు ఏ స్థితిలో ఉన్నాడు, వింటున్నది ఎవరు అన్నవి చూసుకున్నాకే న్యాయమూర్తి దానికి విలువ కడతారు. మనం ఇళ్లలో ఆ పని చేయం. తాగినప్పుడు వచ్చింది కాబట్టి అదే ముద్ర వేసిన దస్తావేజు అనుకుంటాం.

లోపల ఏమీ లేకుండానే మాట బయటికి వస్తుందని నేను అనను. మహాభారతం మౌసల పర్వంలో యాదవుల సంగతి మనందరికీ తెలిసిందే. ప్రభాస తీర్థంలో మదిరాపానం చేసి, నిద్రపోతున్నవాళ్లను చంపిన వీరుడివి నువ్వు అని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడుస్తాడు. చేయి తెగి ప్రాయోపవేశం చేస్తున్న భూరిశ్రవుణ్ణి నరికినవాడివి నువ్వు కావా అని కృతవర్మ తిరగబడతాడు. యుద్ధం ముగిసి అప్పటికి ముప్పై ఆరేళ్లు. ఆ కక్ష కల్లు పుట్టించింది కాదు, ముప్పై ఆరేళ్లుగా ఇద్దరి కడుపుల్లోనూ ఉన్నదే. అయితే ఆ ముప్పై ఆరేళ్లూ ఒకే ద్వారకలో, ఒకే సభలో కత్తి దూయకుండా కూర్చున్నది కూడా ఆ సాత్యకి కృతవర్మలే. ముప్పై ఆరేళ్లు నటించారనీ, ఆ ఒక్క పూటే నిజంగా బతికారనీ అనడానికి నాకు మనసొప్పదు.

ఇక రెండో వైపు చూద్దాం. కోర్టులో మాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. 'తాగి ఉన్నానండీ, నాకేమీ తెలియదు' అని ముద్దాయి, 'తాగకపోతే దేవుడులాంటి మనిషండీ' అని అతని తల్లి. చాలా ఏళ్ల కిందట ఒక భార్యాభర్తల కేసులో భార్య సాక్ష్యం చెబుతోంది. ఎడమ చేతికి ఇంకా కట్టు ఉంది. ఆ రాత్రి ఇంట్లో కుండలు, అద్దం, స్టీలు బిందె, పిల్లవాడి పలక అన్నీ పగలగొట్టాడని వరుసగా చెప్పింది. ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నాడని నిరూపించాలన్న ఉత్సాహంతో ముద్దాయి తరఫు వకీలు, 'అంటే చేతికి అందినదల్లా విసిరేశాడు, అవునా?' అని అడిగారు. ఆమె కాసేపు ఆలోచించి, 'టీవీ జోలికి పోలేదండీ, దానికి ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి' అంది. హాలులో ఎవరో నవ్వారు. మెజిస్ట్రేటు అయ్యగారు నవ్వలేదు. ఆ మాటను డిపోజిషన్‌లో, అంటే సాక్షి వాంగ్మూలంలో, ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించమన్నారు. టైపు మిషను ముందు కూర్చున్న నాకు ఆ ఒక్క వాక్యంతో చాలా సంగతులు తెలిసివచ్చాయి. వాయిదాల లెక్క గుర్తున్న మత్తు అది. పగలగొడితే తిరిగి కొనుక్కోవలసినదేదో, పగలగొట్టినా మర్నాడు లేచి వంట చేసేదేదో ఆ మత్తుకు బాగా తెలుసు.

డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీల దగ్గర రాత్రిపూట టీవీ కెమెరా వచ్చినప్పుడు చూడండి. అంతవరకు 'నేనెవరో తెలుసా' అని కానిస్టేబులు మీదకు వెళ్లినవాడు చటుక్కున జేబురుమాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. సిగ్గు ఎక్కడికీ పోలేదు. కానిస్టేబులు ముందు పనికిరాదనుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు, కెమెరా ముందు తీశాడు.

చట్టం ఈ విషయంలో మనకన్నా తెలివిగా ఉందని నా అభిప్రాయం. మనిషి అసలు స్వభావం ఏమిటన్న ప్రశ్న జోలికే అది పోదు. పాత శిక్షాస్మృతిలో 85, 86 సెక్షన్లుగా ఉండి, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 23, 24గా మారిన నిబంధనల సారం ఇది: తెలియకుండానో బలవంతంగానో తాగించగా ఒళ్లు తెలియని స్థితిలో చేసిన పనికి మినహాయింపు ఉంటుంది, కోరి తాగినవాడికి మాత్రం, తాగకుండా ఉంటే ఉండే తెలివిడే ఉన్నట్టు లెక్క. ఈ విషయంలో ఇప్పటికీ న్యాయవాదులు ఉదహరించే బాసుదేవ్ కేసు తీర్పు 1956 నాటిది. అప్పటి పెప్సూ (పాటియాలా, తూర్పు పంజాబు సంస్థానాల సమాఖ్య) రాష్ట్రంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, తాగి ఉన్న ఒక మాజీ సైనిక జమాదారు తనకు వీలుగా కూర్చోవడానికి కాస్త జరగమని ఒక కుర్రవాణ్ణి అడిగాడు. కుర్రవాడు జరగలేదు. జమాదారు పిస్తోలు తీసి కాల్చాడు, కుర్రవాడు చనిపోయాడు. ముద్దాయి అప్పుడప్పుడు తూలుతున్నా, మాట తడబడుతున్నా, తనంతట తాను నడవగలిగాడు, పొందికగానూ మాట్లాడగలిగాడు అని గుర్తించి సుప్రీంకోర్టు హత్యానేరాన్నే ఖాయం చేసింది. ఆయన స్వతహాగా క్రూరుడా, మంచివాడా అన్నది ఆ తీర్పుకు అవసరం కాలేదు.

'గుర్తులేదు' అన్న మాట గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది ప్రతిసారీ అబద్ధం కాదు. వేగంగా, ఎక్కువగా తాగినప్పుడు జరిగినదాన్ని జ్ఞాపకంగా భద్రపరిచే పని మెదడులో ఆగిపోతుంది. మర్నాడు ఎంత తవ్వినా దొరకదు, అసలు రాసుకుంటే కదా దొరకడానికి! కానీ ఆ సమయంలో మనిషి మెలకువగానే ఉండి ఉంటాడు, నడిచి ఉంటాడు, మాట్లాడి ఉంటాడు, బండి తాళం ఎక్కడ పెట్టాడో వెతుక్కుని ఉంటాడు. రిజిస్టరులో ఎంట్రీ లేనంత మాత్రాన ఆ రోజు కోర్టు జరగలేదని అనలేం కదా.

అందుకే నా దృష్టిలో మనిషిని అంచనా కట్టవలసిన సమయం మత్తు ఎక్కినప్పటిది కాదు, మత్తు దిగిన తరువాత వచ్చే సాయంత్రం ఆరు గంటలది. తాగితే తన చెయ్యి ఎవరి మీదకు లేస్తుందో ఒకసారి తెలిశాక కూడా, చుక్క పడకముందు, నిండు తెలివితో, చెప్పులు వేసుకుని షాపు వైపు నడిచినవాడు ఆ రాత్రి జరగబోయేదానికి అప్పుడే సంతకం పెట్టాడు. వ్యసనం ముదిరి ఒళ్లు స్వాధీనంలో లేనివాళ్ల సంగతి వేరు, వాళ్లకు కావలసింది చికిత్స. కానీ నేను కోర్టులో చూసినవాళ్లలో చాలామంది వాయిదా రోజున శుభ్రంగా, తాగకుండా రాగలిగినవాళ్లే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్లు, తమ భర్తల అసలు స్వభావం ఏమిటో తేలేవరకు ఆగలేదు. ఆ ఊరి పని రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లింది. ఆ తరువాత 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించిన కథ వేరే లేఖకు సరిపోయేది.

స్నేహం పోగొట్టుకున్నానని మొదట్లో రాశాను. ఒక సహోద్యోగి బదిలీ సందర్భంగా హోటల్లో విందు జరిగింది. పదకొండేళ్లు నా పక్క బల్ల మీద పనిచేసి, నేను సెలవు పెట్టినప్పుడల్లా నా కోర్టు డైరీ తానే రాసిన స్నేహితుడు, ఆ రాత్రి మూడో గ్లాసు దగ్గర అందరి ముందూ, 'అయ్యగార్ల ముందు చేతులు కట్టుకుని పైకొచ్చావు గానీ, నీ కోడిగీతల చేతిరాతకు బెంచి క్లర్కు పని ఎవడిస్తాడురా' అన్నాడు. మర్నాడు పొద్దున్నే మా గేటు ముందు స్కూటరు ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా నిలబడ్డాడు. అంతవరకు 'ఒరేయ్' అని పిలిచినవాణ్ణి మొదటిసారి 'మీరు' అన్నాను. 'రాత్రి మీ మనసులో మాటే బయటికొచ్చింది లెండి' అన్నాను. ఆయన కాసేపు నిలబడి వెళ్లిపోయారు. పదకొండేళ్ల డైరీలను నేను ఒక్క గ్లాసుతో కొట్టేశాను. పైగా దానికి సత్యం అని పేరు పెట్టుకున్నాను. ఆయన మాటలో కొంత నిజం ఉందన్న సంగతి నాకు మరింత మంట పుట్టించిందేమో కూడా.

కొన్నేళ్లకు వాళ్ల అమ్మాయి పెళ్లి శుభలేఖ పోస్టులో వచ్చింది. చిరునామా ఆయన సొంత చేతిరాతతో, ఎప్పటిలాగే ముత్యాల్లా ఉంది. నేను వెళ్లలేదు. శుభలేఖ మాత్రం బీరువాలో, సర్వీసు పుస్తకం పక్కనే ఉంది.

ఇట్లు,
విశ్రాంత న్యాయస్థాన ఉద్యోగి,
తెనాలి